పొడుగు చేతుల రవిక

మా పేటలో జోజమ్మ ఎవరంటే కొందరు ఆమె మాగబెట్టిన పళ్ల గురించి చెబుతారు, కొందరు గుడిలో ఆమె గొంతు గురించి చెబుతారు. అసలు సంగతి ఎవరూ చెప్పరు. తోడికోడలు ఆరోగ్యమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి నేటి దాకా జోజమ్మ ఆమెను చూసి కుళ్లుకుంటూనే బతికింది. ఆ కుళ్లు తీసేస్తే ఆమె కథలో సగం పోతుంది. నేనిది రాస్తున్నానని తెలిసి కూడా వద్దనలేదు. "రాసుకో అత్తా, కానీ దాని పేరు నా పేరు కంటే ఎక్కువసార్లు రాయకు" అంది.

మాది ఆగిరిపల్లి నుంచి నూజివీడు పోయే దారికి లోపలగా, మామిడి తోటల మధ్య ఉన్న చిన్న పేట. మగవాళ్లు తోటలు కాస్తారు, కాయలు కోస్తారు. ఆడవాళ్లం ఆ కాయలు ఏరి, గంపలకెత్తి, బళ్లకు సర్దుతాం. జోజమ్మ ఇల్లు మా గోడ పక్కనే. గోడంటే నడుమెత్తు మట్టిగోడ. అవతల పోపు వేస్తే ఇవతల మాకు తుమ్ములొస్తాయి. కాబట్టి ఆ ఇంటి సంగతులు నేను చాటుగా వినాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. విన్నది చాలక అడిగి తెలుసుకున్నవి మాత్రం ఉన్నాయి.

జోజమ్మ భర్త ఇన్నయ్య, అతని తమ్ముడు చిన్నరాయప్ప. వాళ్ల నాన్న పోయేముందు ఉన్న కాసిని మామిడిచెట్లు ఇద్దరికీ పంచాడు. పడమటి వరస పెద్దవాడికి, తూర్పు వరస చిన్నవాడికి. అన్నీ రసాలే. అయినా పొద్దుటి ఎండ ముందుగా తూర్పు వరసకు తగులుతుంది కాబట్టి ఆ కాయకే తీపి ఎక్కువని జోజమ్మ వాదన. సాయంత్రం ఎండ నీ వరసకే కదా అని నేనంటే, "అది కాల్చే ఎండ అత్తా, పండించే ఎండ కాదు" అనేది.

ఆరోగ్యమ్మ మఠంలో కన్యస్త్రీలు నడిపే బడిలో పెరిగిన పిల్ల. సన్నగా ఉండేది, మెల్లగా మాట్లాడేది. కుట్టుపని వచ్చు. పెళ్లికని తనే కుట్టుకున్న తెల్ల రవిక ఒకటి తెచ్చుకుంది. మణికట్టు దాకా పొడుగు చేతులు, వాటి అంచున నీలం దారంతో సన్నని గొలుసుకుట్టు. ఆ రవికతో మొదటి ఆదివారం గుడికి వచ్చి, మోకరించి జపమాల అందుకుంటే గుడంతా సద్దుమణిగింది. ఆ రోజుల్లో పూజ లాటిన్‌లో జరిగేది. ఫాదరుగారు దేవుడితో ఏం మాట్లాడుతున్నారో మాకు తెలిసేది కాదు. మా భాషలో మాకు మిగిలింది జపమాల ఒక్కటే. అందుకని అది ముందుండి చెప్పించే మనిషంటే మాకు పెద్ద గౌరవం. ఆ పని ఆ రోజు నుంచి ఆరోగ్యమ్మదే అయింది. జోజమ్మ ఇంటికొచ్చి గొంతు ఊసెత్తలేదు, రవిక గురించే మాట్లాడింది. మండే ఎండల్లో పొడుగు చేతులేంటి, చెమట పట్టదా అంది. కొన్నాళ్లకు, ఆ గొలుసుకుట్టు ఎలా వేస్తారో నీకేమైనా తెలుసా అని నన్నే అడిగింది.

మే నెల మరియమాత నెల. ఆ నెల ఆఖరి ఆదివారం మాతకు పళ్ల గంప పెట్టడం మా ఆచారం. ఇంటికో గంప కాదు, పేట మొత్తానికి ఒక్కటే. ముందురోజు మేం పెద్ద ఆడవాళ్లం ఇల్లిల్లూ తిరిగి, మాగిన పళ్లు వాసన చూసి, ఎవరివి బాగుంటే వాళ్ల గంప ఎంచుతాం. ఆ ఇంటి ఇల్లాలు గంప నెత్తిన పెట్టుకుని ముందు నడిస్తే పేటంతా పాడుకుంటూ వెనక నడుస్తుంది. పూజ అయ్యాక ఆ పళ్లు మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు పోతాయి. అత్తగారు బతికినన్నాళ్లు ఆ గంప అత్తగారిది. ఆ తరువాత జోజమ్మది. ఆరోగ్యమ్మ వచ్చిన మరుసటి వేసవికే అది తూర్పు వరసకు పోయింది. ఎంచినవాళ్లలో నేనూ ఉన్నాను. ఏం చేయను, ఆ పళ్ల వాసన వీధి చివరికే ఎదురొచ్చింది. ఆ తరువాత జోజమ్మ చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

ఆ పై ఏడు, అంటే యాభై ఎనిమిదిలో, ఈ కథ మొదలైంది.

మామిడికాయను తొడిమ కొంచెం ఉంచి కోయాలి. తొడిమ మొదలంటా విరిగితే సొన చిమ్ముతుంది. అది కాయ మీద కారితే తోలు నల్లగా కమిలి, మాగేలోపే కుళ్లు పడుతుంది. మనిషి ఒంటి మీద పడితే చర్మం కాలి నల్లని చార దిగుతుంది. ఆ చార వారాల తరబడి పోదు. పుట్టింది మొదలు కాయల్లోనే బతికే మాకు సొన ఎటు చిమ్ముతుందో తెలుసు, మీద పడనివ్వం. పడిందంటే ఆ మనిషి కంగారులో, ఎవరైనా వస్తారేమోనని చూసుకుంటూ, బోలెడు తొడిమలు విరిచిందన్నమాట.

ఒక పొద్దున జోజమ్మ బావిలో చేద లాగుతుంటే ముంజేతి నిండా నల్లని చారలు కనిపించాయి. ఏంటే అవి అంటే గంజి ఒలికిందంది. గంజి ఒలికితే బొబ్బలెక్కుతాయి గానీ చారలు పడవు. నేను బిందె అక్కడే వదిలేసి తిన్నగా ఆరోగ్యమ్మ ఇంటికి పోయాను. ఆమె గదిలో నేల మీద కూర్చుని కాయలు ఏరుతోంది. మాత కోసం విడిగా కోయించి తెచ్చుకున్న కాయలు. ముందురోజు వాటిని గదిలో పెట్టి, గడ్డిలో పేర్చేలోగా బట్టలుతికి వద్దామని పోయిందట. తిరిగొచ్చేసరికి పైవాటికి ఒక్కదానికీ తొడిమ లేదు. తెల్లారేసరికి అన్నీ కమిలిపోయాయి. అడుగున పడి తప్పించుకున్న కొన్నిటిని మాత్రం పక్కన పెట్టుకుంటోంది.

నేను జోజమ్మ చేతి సంగతి ఎత్తబోయాను. ఆమె తలెత్తకుండానే అడ్డుకుంది.

"నేనూ చూశానత్తా. చూసింది మన ఇద్దరి దగ్గరే ఆగాలి. నీకెలా ఆగుతుందో నాకు తెలీదు గానీ, ఆగాలి."

ఆగింది. ఎంత కష్టంగా ఆగిందంటే, నీకు ఒంట్లో బాగాలేదా, అన్నం సహించడం లేదేంటని మా ఆయన నన్ను నిలదీశాడు.

శనివారం మేం పళ్లు చూడడానికి బయలుదేరాం. ఆరోగ్యమ్మ గుమ్మంలోనే నిలబడి, ఈసారి నా పళ్లు సరిగా మాగలేదు, నన్ను వదిలేయండి అంది. జోజమ్మ పళ్లు నిజంగానే బాగున్నాయి. ఆమె గంపే ఎంచాం. ఆ మాట వినగానే వెలిగిన మొహం మేం గుమ్మం దాటేలోపే ఆరిపోయింది. గంప నెత్తికెత్తితే చేతులు పైకి లేస్తాయి. వెనక నడిచే ప్రతి ఆడదానికీ సొన మచ్చ అంటే ఏమిటో తెలుసు. ఆమె చెంగు లాగి చెయ్యి కప్పుకోవడం నేను చూశాను.

ఆ సాయంత్రం గోడ అవతల ఆరోగ్యమ్మ గొంతు వినిపించింది.

"అక్కా, చెయ్యి ఇటివ్వు."

"ఏ చెయ్యి?"

"కాలిన చెయ్యి."

అవతల వెన్న వాసన వచ్చింది. తరువాత ఆరోగ్యమ్మ, నా కాయల్లో మిగిలినవి మాగాయి, తెచ్చాను, నీ గంపలో పైన పేర్చుకో అని చెప్పింది. పోబోతూ ఒక గుడ్డ మడత ఆమె చేతిలో పెట్టినట్టుంది.

"రేపు ఇది తొడుక్కో అక్కా. గంప ఎత్తితే చెయ్యి కనబడుతుంది."

మరునాడు జోజమ్మ ఆ తెల్ల రవిక తొడుక్కుని, నీలం అంచు చేతులు పైకెత్తి, మాత గంప మోసింది. ఆరోగ్యమ్మ సన్నటి మనిషి, ఈమె కాదు. చంకల కింద రవిక పట్టేసి, ఊపిరాడక, మొహం జేవురించింది. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు.

ఆ రోజుతో జోజమ్మ మనసు కడిగినట్టయిందని రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది. అవలేదు. అంతవరకు ఆమె కుళ్లు చెట్ల మీద, రవిక మీద, గొంతు మీద ఉండేది. ఇప్పుడు ఆరోగ్యమ్మ మంచితనం మీదికి మళ్లింది. నన్ను నాలుగు తిట్టి ఉంటే సరిపోయేదత్తా అనేది. తిట్టకుండా పోయి నన్ను తన కింద పడేసుకుంది, గంప నాకొచ్చింది గానీ గెలిచింది అది అనేది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆరోగ్యమ్మ కూడా మనిషే కదా, ఏదో ఒక రోజు తప్పు చేయకపోదు. అప్పుడు తను క్షమిస్తుంది. వెన్న రాసి, రవిక ఇచ్చి చేసిన దానికంటే గొప్పగా క్షమిస్తుంది. అంతటితో ఇద్దరూ సమానం.

ఆ తప్పు కోసం ఆమె కాచుకున్నట్టు కోతలప్పుడు కాపలావాళ్లు తోటను కూడా కాయరు. ఆరోగ్యమ్మ మేక వచ్చి తన చిక్కుడు పాదు తినేసిందని తెలియగానే, సంబరంగా చెంగు బిగించి క్షమించడానికి బయలుదేరింది. ఆమె పోయేసరికి ఆరోగ్యమ్మ ముంతడు పెరుగుతో ఎదురొచ్చి, పొరపాటైందక్కా అంటూ మేకను కట్టేసి చూపించింది. జోజమ్మ పెరుగు ముంతతో తిరిగొచ్చింది. క్షమించే సందు కూడా ఇవ్వదు అని నాతో వాపోయింది. ఆ పెరుగు బాగా తియ్యగా ఉందని ఇంకాస్త కోపం వచ్చింది. రవిక కూడా తిరిగివ్వలేదు. ఉతికి మడతపెట్టి, వేపాకు వేసి పెట్టెలో దాచింది. ఆరోగ్యమ్మ అడగలేదు. అడగకపోవడం కూడా గొప్పే దానికి అనేది.

ఫాదరుగారు వచ్చినప్పుడల్లా పాపసంకీర్తనానికి, అంటే ఆయన చెవిలో తన పాపాలు ఒప్పుకోవడానికి, మాత్రం తప్పకుండా పోయేది. లోపల ఏం చెప్పావే అంటే అది అడగకూడదంది. బయటికొచ్చాక ఏం చేయమన్నారో మాత్రం చెప్పింది. ఆరోగ్యమ్మ కోసం రోజూ ఒక జపమాల చెప్పమన్నారట.

"ఉన్న దయ చాలక దానికి ఇంకా దయ నేనే సంపాదించి పెట్టాలా అత్తా?"

అయినా చెప్పింది. రోజూ పొయ్యి దగ్గర, కోపంగా, గట్టిగా చెప్పింది. గోడ ఇవతల నాకు అక్షరం పొల్లుపోకుండా వినిపించేది. అలా ఏళ్లు గడిచాయి. మొదట్లో తిట్టినట్టుండే ఆ జపం ఎప్పుడు మెత్తబడిందో నేను గమనించలేదు. గొంతు కూడా కుదిరింది. కుళ్లుతో కుదిరినా గొంతు గొంతే.

అరవై ఆరు నాటికి పూజ తెలుగులోకి వచ్చింది, గుడికి పెంకుల కప్పు వచ్చింది, కొత్త ఫాదరుగారు వచ్చారు. ఆ ఎండాకాలం ముందు ఆరోగ్యమ్మకు పెద్ద జ్వరం తగిలి, జ్వరం పోయినా గొంతు రాలేదు. బొంగురుగా మిగిలింది. మే నెల మొదలవుతుందనగా కొత్త ఫాదరుగారు, వెనక వరస దాకా వినిపించే గొంతు కావాలి, ఈసారి జపమాల జోజమ్మ చెప్పించాలి అన్నారు. ఆయనకు మా పాత సంగతులేవీ తెలియవు. ఆరోగ్యమ్మ తల ఊపింది. ఎప్పటిలాగే నవ్వింది. ఆమె చేతిలో జపమాల పూసలు వేళ్ల మధ్య నలగడం నేను చూశాను. తనకంటూ ఏదీ కావాలని అడగని మనిషికి కావలసింది అదొక్కటే అని నాకప్పుడు అర్థమైంది.

ఆ నెల చివర్లో మేమందరం కౌలుదారు తోటలో పాక కింద కూర్చుని, కోసిన కాయలను బోర్లించి సొన వార్చి గంపలకెత్తుతున్నాం. జపమాల చెప్పించడం మొదలుపెట్టాక జోజమ్మకు అందరికీ పనులు చెప్పడం కూడా అలవాటైంది. ఆరోగ్యమ్మ చేతిలో ఒక కాయ తొడిమ విరిగింది. జోజమ్మ చెడ్డ ఉద్దేశంతో అనలేదు, ఆ మాటకు నేనే సాక్షి. తొడిమ జాగ్రత్త ఆరోగ్యం, ఆ మాత్రం చూసుకోవాలి కదా అంది.

ఆరోగ్యమ్మ చేతిలో కాయ కింద పెట్టింది.

"తొడిమల సంగతి నువ్వు నాకు చెబుతున్నావా అక్కా? జపం చెప్పే నోరు నీదే, సరే. ఆ ఏడు నా గదిలో కాయలన్నిటికీ తొడిమలు విరిచిన చెయ్యి ఎవరిదో అది కూడా చెప్పు."

పాక కింద చేతులన్నీ ఆగిపోయాయి. మండుటెండల్లో జోజమ్మ పొడుగు చేతుల రవిక ఎందుకు తొడుక్కుందో ఇన్నేళ్ల తరువాత అందరికీ ఒక్కసారి తెలిసింది. అన్న మాట తన చెవిన పడ్డాక ఆరోగ్యమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గంప కూడా తీసుకోకుండా లేచి వెళ్లిపోయింది. జోజమ్మ సాయంత్రం దాకా తలెత్తకుండా కాయలు బోర్లిస్తూనే ఉంది. ఒక్క తొడిమ విరగలేదు.

ఆ సాయంత్రం జపమాలకు ఇద్దరూ రాలేదు. నన్ను చెప్పించమన్నారు. జపమాలలో వరసగా తలుచుకునే ప్రభువు జీవిత ఘట్టాలు, అవే దేవరహస్యాలు, వాటి వరస తప్పి, ప్రభువు పుట్టకముందే ఆయన్ని దేవాలయంలో వెతికించాను. ఎవరూ నవ్వలేదు. గుడి బయట ఒకటే గుసగుసలు. మాత పళ్లు పాడుచేసిన చెయ్యి మాత గంప ఎలా ఎత్తుతుందని కొందరు. ఇన్నేళ్లు కడుపులో దాచుకుని నలుగురిలో అనడమేంటి, ఆరోగ్యమ్మ మంచితనం ఇంతేనా అని కొందరు. ఇన్నయ్య మరునాడే ముళ్లకంప కొట్టించి తెచ్చాడు, రెండు వరసల మధ్య కంచె వేస్తానని. ఒక తండ్రి చెట్ల మధ్య కంచె వేస్తే ఇక తీయరని నాకు భయం పట్టుకుంది. గోడ దాటి పోయాను.

జోజమ్మ పెట్టె ముందు కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కానీ మొహంలో ఏడుపు ఒక్కటే లేదు, ఇంకేదో ఉంది. చూడగా చూడగా అది సంతోషమని పోల్చుకున్నాను.

"దానికీ ఉందత్తా. నా గొంతు చూసి దానికీ కడుపుమంట ఉంది" అంది. అంతలోనే తల పట్టుకుంది. "ఇన్నేళ్లు దాని తప్పు కోసం కాచుకుని కూర్చున్నానా? తీరా అది తప్పు చేసేసరికి, అన్నదంతా నిజమే అయి కూర్చుంది. ఇప్పుడు నేను దేన్నని క్షమించను?"

ఆమె పెట్టె మూత ఎత్తి రవిక తీసి, వేపాకు దులిపింది. నువ్వూ రా అత్తా, ఎలాగూ వింటావు అంది.

ఆరోగ్యమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మమ్మల్ని చూసి లేచి, కాళ్లు పట్టుకోబోయినట్టు ముందుకు వంగింది. జోజమ్మ ఆపింది.

"ముందు నన్ను అననివ్వు. ఎన్నేళ్లుగానో దాచుకున్న మాట. నువ్వు నలుగురిలో నా పరువు తీశావు. నిన్ను క్షమించాను."

ఆరోగ్యమ్మ భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. జోజమ్మ ఆమెను చూస్తూ నిలబడి, నావైపు తిరిగి, అనుకున్నంత బాగా లేదత్తా అంది. తరువాత ఆమె పక్కనే చాప మీద కూలబడింది.

"ఆ ఏడు నీకెలా ఉందే? వెన్న రాసినప్పుడు?"

"ఏం బాగా లేదక్కా. ఆ కాయల కోసం ఏడ్చాను. నీ చెయ్యి పట్టుకుంటే గిల్లాలనిపించింది. రవిక ఇచ్చి ఇంటికొచ్చాక కూడా ఒళ్లు మండింది."

"మరి ఎందుకిచ్చావు?"

"ఇవ్వకపోతే ఇంకా మండేది."

"ఎప్పుడు తగ్గింది?"

"తగ్గిందనే అనుకున్నాను అక్కా, మొన్నటి దాకా."

జోజమ్మ ఆమె మొహంలోకి తేరిపార చూసింది. తేలిగ్గా, నవ్వుతూ క్షమించేస్తుందని తను ఇన్నేళ్లూ కుళ్లుకున్న ఆ మనిషి, ఆ గదిలో ఎక్కడా లేదు. తనలాంటి మనిషే ఒకతె ముక్కు చీదుకుంటూ కూర్చుంది. ఆరోగ్యమ్మ, రేపు గుడికి ఏ మొహం పెట్టుకుని రాను అంది. జోజమ్మ రవిక ఆమె ఒళ్లో పడేసింది.

"నోటికి రవిక కుట్టడం నాకు రాదు. ఇదే తొడుక్కుని రా. వెనక కాదు, నా పక్కన నడువు."

ఆ ఏడు మేం గంప ఎంచలేదు. జోజమ్మే రెండు వరసల పళ్లూ కలిపి, కాయలు బళ్లకెత్తే పెద్ద గంపలో పేర్చి తెచ్చింది. అది ఒక మనిషి నెత్తిన మోసేది కాదు. ఆ చివర ఆరోగ్యమ్మ పట్టుకుంది, పొడుగు చేతుల రవికలో. ఈ చివర జోజమ్మ, పొట్టి చేతుల రవికతో. గుడి ముందు ఆడవాళ్ల కళ్లన్నీ ఆమె ముంజేతి మీదే ఉన్నాయి. మచ్చ ఎప్పుడో పోయింది. జోజమ్మ ఆగి, ఆ చెయ్యి అందరికీ కనిపించేలా తిప్పింది.

"ఆ చెయ్యి ఇదే. చూశారు కదా, ఇక పక్కకు జరగండి. గంప బరువుగా ఉంది."

జరిగారు. ఎవరు మొదట జరిగారో గానీ, అందరూ జరిగారు.

ఇన్నయ్య తెచ్చిన ముళ్లకంప చివరికి మేక దొడ్డికి పనికొచ్చింది. జపమాల ఇప్పుడు ఇద్దరూ చెప్పిస్తారు, ఒక రహస్యం ఒకరు, మరో రహస్యం మరొకరు. ఆరోగ్యమ్మ బొంగురు గొంతుకు వెనక వరసవాళ్లు ముందుకు జరిగి కూర్చోవడం నేర్చుకున్నారు. ముందుకు జరిగి దాని జపమే వింటారు, నాది దూరం నుంచే చాలనుకుంటారు అని జోజమ్మ ఉడుక్కుంటుంది. మొన్న మేలో కూడా పెద్ద గంప ఇద్దరూ మోశారు. దించగానే జోజమ్మ తిన్నగా నా దగ్గరికి వచ్చి చెవిలో ఫిర్యాదు చేసింది.

"చూశావా అత్తా, బరువు వైపు మళ్లీ అదే పట్టుకుంది."